ఎడమ సీటులోకి మారుతున్నారా? షంషాబాద్ నుంచి ఢిల్లీ దాకా కెప్టెన్ పని మొత్తం, మొదట్నుంచి చివరిదాకా

కో-పైలట్ (ఫస్ట్ ఆఫీసర్) కూర్చునే కుడి సీటుకీ, కెప్టెన్ కూర్చునే ఎడమ సీటుకీ మధ్య మూడడుగులు కూడా ఉండవు. అయినా ఆ మూడడుగులు దాటాక మొదటి రెండు నెలలు నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. విమానం అదే, స్విచ్‌లు అవే, చెక్‌లిస్టులు అవే, ల్యాండింగ్‌లు కూడా ఇద్దరం పంచుకునేవే. ఇదివరకు ఏదైనా తేడాగా అనిపిస్తే "సార్ ఏమంటారో" అని పక్కకి చూసేవాణ్ని, ఇప్పుడు పక్కకి చూస్తే అవతలివాడు నావైపే చూస్తున్నాడు. అంతే తేడా.

కమాండ్ అప్‌గ్రేడ్‌కి, అంటే ఫస్ట్ ఆఫీసర్ నుంచి కెప్టెన్ కావడానికి, వెళ్లబోయే కుర్రాళ్లు, అమ్మాయిలు "అన్నా, ఒక ఫ్లైట్‌లో కెప్టెన్ ఏం చేయాలో వరసగా చెప్పు" అని అడుగుతుంటారు. అందుకే ఒక మామూలు డ్యూటీ తీసుకుని చెబుతాను. డిసెంబర్ చివరి వారం, తెల్లవారుజామున షంషాబాద్ నుంచి ఢిల్లీ, ఏ320, అక్కడ పొగమంచు. అంకెలు లెక్క అర్థం కావడానికి చెబుతున్నవి మాత్రమే, మీ కంపెనీ ఆపరేషన్స్ మాన్యువల్‌లో వేరేలా ఉంటే అదే ఫైనల్.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. పైలట్-ఇన్-కమాండ్‌గా మీ పేరు పడిందంటే ఆ విమానం విషయంలో తుది నిర్ణయం మీదే. ఫస్ట్ ఆఫీసర్ నడుపుతున్నా, ఆటోపైలట్ నడుపుతున్నా బాధ్యత మీ మీదే ఉంటుంది. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు తప్పదనుకుంటే నియమాన్ని పక్కనపెట్టే అధికారం కూడా అంతర్జాతీయ నిబంధనల్లోనే ఉంది, కాకపోతే ఎందుకు పక్కనపెట్టారో తర్వాత కాగితం మీద చెప్పుకోవాలి.

1. ఇంటి దగ్గరే మొదలవుతుంది

డ్యూటీకి 12 గంటల ముందు నుంచి మందు ముట్టకూడదని మన దేశంలో నియమం. అసలు విషయం ఆ 12 గంటల్లో లేదు, బ్రెత్ అనలైజర్‌లో సున్నా రావాలి, అక్కడ ఉంది. రాత్రి పెళ్లిలో గట్టిగా తాగి, గంటలు లెక్కపెట్టుకుని వచ్చి దొరికిపోయినవాళ్లు ఉన్నారు. మొదటిసారి దొరికితే లైసెన్స్ మూడు నెలలు సస్పెన్షన్, రెండోసారి మూడేళ్లు, మూడోసారి లైసెన్సే పోతుంది. మౌత్‌వాష్, దగ్గు సిరప్ లాంటివి కూడా డ్యూటీ రోజు దగ్గరికి రానివ్వకండి.

నిద్ర సంగతి ఇంకా పెద్దది. ఎఫ్‌డీటీఎల్ (డ్యూటీ గంటల పరిమితి) నియమాలు మీరు ఎన్ని గంటలు ఎగరొచ్చో, వారానికి ఎంత విశ్రాంతి ఉండాలో చెబుతాయి, ఇప్పుడు వారంలో వరసగా 48 గంటలు ఇవ్వాలి. కానీ రోస్టర్‌లో విశ్రాంతి అని రాసినంత మాత్రాన మీరు పడుకున్నట్టు కాదు. పక్కింట్లో బోనాలు, ఇంట్లో చిన్నపిల్లకి జ్వరం, రెండు గంటలే కునుకు పట్టింది... అలాంటప్పుడు ఫోన్ చేసి "నేను ఫిట్‌గా లేను" అని చెప్పాలి. చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది, నాకూ ఉండేది. ఈ మొహమాటం అనే మాట మళ్లీ మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

2. కాగితాలు

సైన్ ఇన్ అయ్యాక ఫ్లైట్ ప్లాన్, మెటార్ (ఇప్పటి వాతావరణం), టాఫ్ (రాబోయే గంటల అంచనా), నోటామ్‌లు (ఎయిర్‌పోర్టుల, దారి గురించిన హెచ్చరికలు) ముందేసుకుని ఫస్ట్ ఆఫీసర్‌తో కలిసి చూడండి. నేనైతే నోరు విప్పను, ముందు వాళ్లనే చెప్పమంటాను: "ఈరోజు మనకి ఇబ్బంది పెట్టేది ఏమిటి?" మనం ముందే అభిప్రాయం చెప్పేశామా, ఇక అవతలివాళ్ల నోట్లోంచి "అవును సార్" తప్ప ఇంకోటి రాదు. మన దగ్గర పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదని చిన్నప్పట్నుంచీ నేర్పుతారు కదా, ఆ అలవాటు యూనిఫాం వేసుకోగానే పోదు.

ఈరోజు ఇబ్బంది పొగమంచే. కాబట్టి చూడాల్సినవి: మనిద్దరికీ కేటగిరీ 3 (దట్టమైన పొగమంచులో దిగే) ట్రైనింగ్ చెల్లుబాటులో ఉందా, విమానానికి ఆ సామర్థ్యం ఉందా, ఏ రన్‌వే మీద సదుపాయం పనిచేస్తోంది, ఆల్టర్నేట్ (అక్కడ దిగలేకపోతే వెళ్లే వేరే ఎయిర్‌పోర్ట్) ఏది. ఢిల్లీలో కేటగిరీ 3బీ ఉంది, రన్‌వే మీద 50 మీటర్లు కనిపించినా దిగొచ్చు. కానీ అక్కడ్నుంచి ఎగరాలంటే 125 మీటర్లు కావాలి. అంటే దిగే విమానాలు దిగుతుంటాయి, వెళ్లాల్సినవి పార్కింగ్ బేల దగ్గర కదలకుండా కూర్చుంటాయి, మీరు దిగాక ఆపుకోవడానికి చోటు కూడా ఉండకపోవచ్చు. జైపూర్ ఆల్టర్నేట్ అని అందరూ వేస్తారు, అందరూ ఒకేసారి అక్కడికే వెళితే అక్కడా చోటుండదు. అందుకే పొగమంచు రోజుల్లో నేను రెండో ఆల్టర్నేట్ కూడా మనసులో పెట్టుకుంటాను.

3. ఇంధనం: కాస్త నిదానంగా చదవండి

కంప్యూటర్ ఇచ్చిన అంకె కింద సంతకం పెట్టడం తేలిక. ఆ అంకె ఎలా వచ్చిందో విడదీసి చెప్పగలిగితేనే మీరు కెప్టెన్.

టాక్సీకి 200 కిలోలు అనుకుందాం. షంషాబాద్ నుంచి ఢిల్లీకి ట్రిప్ ఫ్యూయల్ 5,000. అందులో ఐదు శాతం కంటింజెన్సీ (అనుకోని అవసరాలకి), అంటే 250. ఢిల్లీ నుంచి జైపూర్ వెళ్లడానికి 1,500. చివరగా ఫైనల్ రిజర్వ్, 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలు తిరగడానికి సరిపడేది, 1,100 అనుకోండి. మొత్తం 8,050 కిలోలు. ఇది చట్టానికి సరిపోయేది. మరి పొగమంచులో హోల్డింగ్‌కి, అంటే దిగే వంతు వచ్చేదాకా గాల్లో తిరగడానికి? దానికి మీ విచక్షణ మీద ఇంకో 1,200 వేశారు, 9,250 అయింది.

ఇప్పుడు అసలు లెక్క. అంతా ప్లాన్ ప్రకారం జరిగి, కంటింజెన్సీ ముట్టుకోకుండా ఢిల్లీ చేరితే ట్యాంకుల్లో 4,050 ఉంటుంది. జైపూర్‌కి 1,500, రిజర్వ్ 1,100, కలిపి 2,600. దీని కిందికి వచ్చేలోపే జైపూర్ దారి పట్టాలి. మిగిలింది 1,450. నిమిషానికి 40 కిలోల చొప్పున కాలిస్తే 36 నిమిషాలు. ఈ 36 అనే అంకెని నేలమీద ఉన్నప్పుడే ఫస్ట్ ఆఫీసర్‌తో పైకి చెప్పుకుని, ప్లాన్ కాగితం అంచున రాసుకోండి. పైన హోల్డింగ్‌లో తిరుగుతున్నప్పుడు "ఇంకొక్క ఐదు నిమిషాలు చూద్దాం" అనిపిస్తుంది, ఆ ఐదు నిమిషాలు చాలా చెడ్డవి.

ఎక్కువ ఇంధనం వేస్తే బరువు, బరువు మోయడానికి ఇంకొంచెం ఇంధనం, కంపెనీకి ఖర్చు. అడుగుతారు. అడగనివ్వండి, కారణం ఒక లైన్‌లో రాయండి. ఊరికే భయంతో ప్రతి ఫ్లైట్‌కీ రెండు టన్నులు అదనంగా వేసేవాళ్లని కూడా చూశాను, అది కూడా సరైన పని కాదు.

యూనిట్లు చూసుకోవడం మరీ ముఖ్యం. 1983 జూలైలో ఎయిర్ కెనడా 143, బోయింగ్ 767, 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. లీటర్లని బరువులోకి మార్చేటప్పుడు కిలోల బదులు పౌండ్ల లెక్క వాడారు, అందరూ చూశారు, ఎవరూ పట్టుకోలేదు. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కి గ్లైడర్ అనుభవం ఉండబట్టి గిమ్లీ అనే పాత ఎయిర్‌బేస్‌లో దించగలిగాడు, ఎవరూ చనిపోలేదు.

అందరికీ ఆ అదృష్టం ఉండదు. 1990 జనవరిలో ఏవియాంకా 52 న్యూయార్క్ వెళ్లే దారిలో గంటకి పైగా హోల్డింగ్‌లో తిరిగి, ఇంధనం అయిపోయి కూలిపోయింది, 73 మంది పోయారు. ఇంధనం అయిపోతోందని చెప్పారు గానీ కంట్రోలర్లకి "ఎమర్జెన్సీ" అనే మాట చివరిదాకా చెప్పలేదు. కాబట్టి రెండు మాటలు కంఠతా పట్టండి. ఒకే ఎయిర్‌పోర్ట్‌కి కట్టుబడిపోయి, ఇంకేమాత్రం ఆలస్యమైనా రిజర్వ్‌లోకి వెళతామనుకుంటే "మినిమమ్ ఫ్యూయల్". రిజర్వ్ కంటే తక్కువతో దిగుతామని లెక్క తేలితే "మేడే మేడే మేడే ఫ్యూయల్". మొదటిది సమాచారం మాత్రమే, దానికి ఎవరూ మీకు దారి ఖాళీ చేయరు. రెండోదానికి చేస్తారు.

4. టెక్ లాగ్, వాక్‌అరౌండ్

టెక్ లాగ్‌లో (విమానం లోపాలు, రిపేర్లు రాసే పుస్తకం) వెనకటి మూడు నాలుగు రోజుల ఎంట్రీలు తిరగేయండి. పనిచేయని సామాను ఏమైనా ఉంటే ఎంఈఎల్ (ఏవి పనిచేయకపోయినా ఎగరొచ్చో చెప్పే జాబితా) ప్రకారం ఎగరొచ్చా, ఏ షరతులతో, ఎన్ని రోజులు అని చూడాలి. ఎంఈఎల్ ఒప్పుకుంది కదా అని మీరు ఒప్పుకోవాల్సిన పనిలేదు. ఉదాహరణకి ఆటోలాండ్‌కి (ఆటోపైలటే దించడానికి) అవసరమైన పరికరం ఒకటి పనిచేయడం లేదనుకోండి, ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి విజయవాడకి నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు, ఇవాళ ఢిల్లీకి మాత్రం ఆ విమానం పనికిరాదు. "ఇంకో విమానం ఇవ్వండి" అని ఫోన్ చేయాలి. అవతల గొంతు మారుతుంది, మారనివ్వండి.

వాక్‌అరౌండ్ సాధారణంగా మానిటరింగ్ చేసే పైలట్ (నడపకుండా గమనిస్తూ సాయపడేవాళ్లు) చేస్తారు, కానీ కొత్తగా కమాండ్ వచ్చినవాళ్లు మొదట్లో వాళ్లతో కలిసి ఒకసారి తిరిగి రండి, తప్పేం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి టార్చ్ పట్టుకుని తిరిగితే రెక్క అంచు మీద మంచు చెమ్మ కారుతుంటుంది, ఏపీయూ (తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్) హోరులో పక్కనున్నవాళ్ల మాట వినపడదు. ముక్కు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ రావాలి. వేగం కొలిచే పిటాట్ గొట్టాల తొడుగులు తీశారా, టైర్ల మీద కోతలున్నాయా, బ్రేక్ అరుగుదల చూపించే చిన్న పిన్ను ఇంకా బయటికి ఉందా, ఇంజిన్ ఫ్యాన్ బ్లేడ్‌లకి దెబ్బలున్నాయా, కింద నూనె చుక్కలు పడ్డాయా. గాలి పీడనం కొలిచే చిన్న రంధ్రాలు, అదే స్టాటిక్ పోర్టుల దగ్గర ఆగి టార్చ్ కొట్టి మరీ చూడండి. 1996లో ఏరోపెరూ 603ని కడిగేటప్పుడు ఆ రంధ్రాలకి అంటించిన టేప్ తీయడం మర్చిపోయారు. రాత్రిపూట సముద్రం మీద ఎత్తు, వేగం అన్నీ తప్పుగా చూపిస్తుంటే ఏది నమ్మాలో తెలియక విమానం పసిఫిక్‌లో పడింది, 70 మంది చనిపోయారు. టేప్ ముక్క!

5. క్యాబిన్ క్రూతో రెండు నిమిషాలు

పేర్లు తెలుసుకోండి. కుదుపులు ఎప్పుడుంటాయి, ఢిల్లీలో ఆలస్యం అవ్వొచ్చా, సెక్యూరిటీ కోడ్ ఏమిటి, ఒక పైలట్ బాత్రూమ్‌కి వెళితే లోపలికి ఎవరు వస్తారు, ఇవన్నీ చెప్పాలి. చివర్లో ఒక మాట చేర్చండి: "పొగ వాసన వచ్చినా, తేడా శబ్దం వినిపించినా వెంటనే ఫోన్ చేయండి, పొరపాటైనా నేనేమీ అనుకోను." ఈ ఒక్క మాట వల్ల ఫోన్ రెండు నిమిషాలు ముందొస్తుంది.

6. కాక్‌పిట్ సిద్ధం చేయడం, బ్రీఫింగ్

ముందుగా ఎవరు పైలట్ ఫ్లయింగ్, ఎవరు పైలట్ మానిటరింగ్ అన్నది తేల్చాలి. మన దగ్గర తక్కువ విజిబిలిటీలో ల్యాండింగ్ కెప్టెన్‌దే కాబట్టి ఈ సెక్టార్ (ఒకవైపు ప్రయాణం) మీరు నడుపుతారు, తిరుగు ప్రయాణం వాళ్లకి ఇవ్వండి.

ప్యానెల్ పని ముందు జ్ఞాపకం మీద ఒక వరసలో చేసుకుంటూ పోతాం, తర్వాత చెక్‌లిస్ట్ చదివి సరిచూసుకుంటాం. చెక్‌లిస్ట్ అలవాటు ఎలా వచ్చిందో తెలుసా? 1935 అక్టోబర్‌లో బోయింగ్ మోడల్ 299 ప్రదర్శన సమయంలో గాలికి కదలకుండా వేసే లాక్ తీయడం మర్చిపోయి ఎగిరి కూలింది. నడిపినవాడు మామూలు మనిషి కాదు, అనుభవమున్న టెస్ట్ పైలట్. విమానం ఒక మనిషి జ్ఞాపకానికి మించి పెరిగిపోయిందని అప్పుడు తెలిసింది. అందుకే చెక్‌లిస్ట్‌ని పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పకండి. ప్రశ్న వినగానే కన్ను ఆ స్విచ్ మీదికి వెళ్లాలి, అప్పుడే నోరు జవాబు చెప్పాలి. మధ్యలో ఎవరైనా వచ్చి మాట్లాడితే ఆగి, మళ్లీ మొదట్నుంచి.

బ్రీఫింగ్ గురించి నాదొక ఫిర్యాదు ఉంది. చాలామంది రోజూ అదే దండకం చదువుతారు, వినేవాడికి మూడో వాక్యానికే మనసు ఎటో పోతుంది. ఈరోజు ప్రత్యేకంగా ఏముందో అది చెప్పండి: ఏ రన్‌వే, బరువెంత, మొదటి మలుపు ఎక్కడ, ఇంజిన్ పోతే ఎటు తిరుగుతాం, తిరిగి దిగాలంటే షంషాబాద్‌లో వాతావరణం బాగుందా. ఆ తర్వాత "నేనేమైనా వదిలేశానా?" అని అడిగి ఆగండి. నిజంగా ఆగాలి, మూడు సెకన్లు.

విమానం బరువెంతో, అది ఎక్కడెక్కడ ఉందో చెప్పే లోడ్ అండ్ ట్రిమ్ షీట్ రాగానే అందులో బరువూ, మీరు కంప్యూటర్‌లో ఎక్కించిన బరువూ ఒకటేనా అని ఇద్దరూ విడివిడిగా చూడాలి. ఒక అంకె అటూ ఇటూ అయితే టేకాఫ్ వేగాలన్నీ తప్పుతాయి.

ఆలస్యమైతే అనౌన్స్‌మెంట్ మీరే చేయండి. హైదరాబాద్ ఫ్లైట్‌లో తెలుగులో రెండు ముక్కలు చెబితే క్యాబిన్‌లో సగం కోపం దిగిపోతుంది, నేను చూశాను. కారణం ఇది, మళ్లీ పావుగంటలో చెబుతాను అనండి, చెప్పిన పావుగంటకి మళ్లీ మైక్ తీసుకోండి, కొత్త కబురు లేకపోయినా సరే.

7. టేకాఫ్

థ్రస్ట్ సెట్ అయ్యాక, నడిపేది ఫస్ట్ ఆఫీసర్ అయినా, థ్రస్ట్ లీవర్ల మీద చెయ్యి కెప్టెన్‌దే, వీ1 దాకా, అంటే అది దాటాక ఇక ఆపకూడదనే వేగం దాకా. ఆపాలా వద్దా అన్న నిర్ణయం ఒక్కరిదే ఉండాలి కాబట్టి.

ఏ320లో 100 నాట్ల దగ్గర గీత గీసుకుంటాం. అంతకుముందు ఏ హెచ్చరిక వచ్చినా దాదాపుగా ఆపేయడమే. 100 దాటాక మనసు మార్చుకోవాలి: ఇంజిన్ మంటలు, థ్రస్ట్ ఒక్కసారిగా పడిపోవడం, విమానం సరిగ్గా ఎగరదనిపించే తేడా, ఇలాంటి పెద్ద వాటికే ఆపుతాం. వీ1 పిలుపు వినగానే చెయ్యి లీవర్ల మీంచి తీసేయండి. ఆ తర్వాత ఎగరడమే, ఇంజిన్ పోయినా సరే, ఎందుకంటే మిగిలిన రన్‌వేలో ఆగుతామన్న భరోసా ఇక లేదు. చెయ్యి అక్కడే ఉంటే భయంలో వెనక్కి లాగేస్తుంది, అందుకే తీసేయడం కూడా ప్రొసీజర్‌లో భాగం.

ఆపాలనుకుంటే "స్టాప్" అని గట్టిగా ఒక్కమాట, లీవర్లు ఐడిల్‌కి, రివర్స్. ఆటోబ్రేక్ దాని పని అది చేస్తుంది. విమానం పూర్తిగా ఆగాక పార్కింగ్ బ్రేక్ వేసి క్యాబిన్ క్రూని తమ స్థానాల్లో సిద్ధంగా ఉండమనాలి, లేకపోతే లోపల జనం వాళ్లంతట వాళ్లే తలుపులు తెరిచేస్తారు. వీ1 తర్వాత ఇంజిన్ పోతే? గేర్ పైకి, ముక్కు పక్కకి పోకుండా తిన్నగా, 400 అడుగులు దాటేదాకా ఇంకే స్విచ్ జోలికీ పోవద్దు. సిమ్యులేటర్‌లో మనకి చెమటలు పట్టేది ఆ కొద్ది సెకన్లు ఊరుకోవడం దగ్గరే.

10,000 అడుగుల కింద ఉద్యోగానికి సంబంధం లేని మాట ఒక్కటి కూడా వద్దు. 1974లో ఈస్టర్న్ 212 షార్లట్ దగ్గర కూలినప్పుడు రికార్డర్‌లో ఉన్నది రాజకీయాలు, పాత కార్ల కబుర్లు. అమెరికాలో 1981లో స్టెరైల్ కాక్‌పిట్ నియమం వచ్చింది అలాంటి ప్రమాదాల తర్వాతే.

8. పైన

ఇక్కడ పెద్దగా చెప్పేదేమీ లేదు. అరగంటకోసారి ఇంధనం ప్లాన్‌తో పోల్చండి, ఢిల్లీ, జైపూర్ వాతావరణం తెప్పించుకోండి, కింద ఏ ఎయిర్‌పోర్ట్ దగ్గర్లో ఉందో ఎప్పుడూ తెలిసి ఉండాలి, నాగపూర్ దాటామా, భోపాల్ వచ్చిందా అని. తినేటప్పుడు ఇద్దరూ ఒకేసారి తినకండి.

9. ఢిల్లీ: ఆగడం, దిగడం, వద్దనుకోవడం

హోల్డింగ్‌లో పెట్టారు. కాగితం అంచున 36 ఉంది కదా, ఇప్పుడున్న ఇంధనంతో మళ్లీ లెక్కవేసి గడియారంలో టైమ్‌గా మార్చండి: "7:42కి బయల్దేరుతాం." నిమిషాల కంటే గడియారం మంచిది, దాంతో బేరాలాడలేం.

ల్యాండింగ్‌కి పిలిచారు. రన్‌వే మీద కనిపించే దూరాన్ని ఆర్‌వీఆర్ అంటాం. ఎయిర్‌పోర్ట్ పైన వెయ్యి అడుగుల ఎత్తు చేరేసరికి అది మీ మినిమా (మీకు అనుమతి ఉన్న కనీస దూరం) కంటే తక్కువగా ఉంటే ఇంకా కిందికి దిగకూడదు, అంతే. వెయ్యి దాటాక తగ్గితే మాత్రం డెసిషన్ హైట్ (దిగాలా వద్దా తేల్చుకోవాల్సిన ఎత్తు) దాకా వెళ్లి చూడొచ్చు.

ఆ వెయ్యి అడుగుల దగ్గరే ఇంకో గేటు ఉంది, నా దృష్టిలో ఈ ఉద్యోగం మొత్తంలో ముఖ్యమైన గేటు అదే. గేర్, ఫ్లాప్‌లు ల్యాండింగ్‌కి సిద్ధమా, వేగం ఉండాల్సిన చోట ఉందా, దిగే రేటు నిమిషానికి వెయ్యి అడుగులు దాటలేదా, ఇంజిన్లు ఐడిల్‌లో కాకుండా థ్రస్ట్‌తో ఉన్నాయా, చెక్‌లిస్ట్ అయిందా. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి వెళ్లిపోవడమే. పొగమంచు లేని రోజుల్లో, కంటికి రన్‌వే కనబడుతున్నప్పుడు, చాలా కంపెనీలు 500 అడుగుల దాకా ఒప్పుకుంటాయి. విచిత్రం ఏమిటంటే పొగమంచు రోజు ఎవరూ తప్పు చేయరు, అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉంటారు. ఎండ కాస్తున్న మామూలు రోజునే "ఆ, సరిపోతుందిలే" అంటాం.

నా సంగతే చెబుతాను. కమాండ్ వచ్చిన మొదటి సంవత్సరం, మధ్యాహ్నం, మబ్బు తునక లేదు. షార్ట్‌కట్ ఇచ్చారు, ఎత్తు ఎక్కువైంది, తగ్గించబోతే వేగం ఎక్కువైంది. పక్కన ఆరు నెలల అనుభవమున్న అమ్మాయి. "స్పీడ్" అంది. "కరెక్టింగ్" అన్నాను. మళ్లీ "స్పీడ్" అంది. నేను నిజంగానే తగ్గిస్తున్నాననుకుంటున్నాను. 500 దగ్గర "అన్‌స్టేబుల్, గో అరౌండ్" అంది, గొంతు వణికింది గానీ మాట ఆగలేదు. వెళ్లాను. పన్నెండు నిమిషాలు, కొన్ని వందల కిలోల ఇంధనం, ఒక రిపోర్టు. పార్కింగ్ అయ్యాక "థ్యాంక్స్" అంటే ఆ అమ్మాయి చెప్పింది: "పొద్దున బ్రీఫింగ్‌లో మీరు ఆగి అడిగారు కదా సార్, అందుకే అనగలిగాను."

2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 ప్రమాదం విచారణ నివేదిక చదవండి, ప్రతి కొత్త కెప్టెన్ చదవాలి. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు. కెప్టెన్ అంతకుముందు చాలాసేపు నిద్రలో ఉన్నాడు, అస్థిరంగా ఉన్న అప్రోచ్‌ని ఆపలేదు. 158 మంది పోయారు, ఎనిమిది మందే బతికారు. పదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7న, వానలో, కోజికోడ్‌లో అదే కంపెనీ విమానం 1344. వెనక గాలితో రన్‌వే సగం దాకా వెళ్లాక చక్రాలు తాకాయి, మానిటరింగ్ పైలట్ గో అరౌండ్ అన్నా ల్యాండింగ్ కొనసాగిందని నివేదిక చెప్పింది. ఇద్దరు పైలట్లతో సహా 21 మంది పోయారు. 1977లో టెనెరిఫేలో, రన్‌వే మీద రెండు విమానాలు గుద్దుకుని 583 మంది చనిపోయిన ఘోరంలో కూడా, అవతలి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని ఫ్లైట్ ఇంజినీర్‌కి అనుమానం వచ్చింది, అడిగాడు, సీనియర్ కెప్టెన్ కొట్టిపారేశాడు. మూడు చోట్లా పక్క సీటో, వెనక సీటో నిజం చెప్పింది. నిజం చెప్పడానికి మొహమాటపడకుండా చేయాల్సిందీ, చెప్పాక వినాల్సిందీ ఎడమ సీటే.

కాబట్టి నియమంగా పెట్టుకోండి: ఇద్దరిలో ఎవరు గో అరౌండ్ అన్నా వెళ్లిపోవడమే. వాదన నేలమీద.

10. ఏదైనా తేడా వస్తే

ముందు విమానాన్ని నడపాలి, తర్వాత ఎటు వెళుతున్నామో చూసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. గంట మోగగానే ఇద్దరూ స్క్రీన్ మీద పడితే నడిపేవాడు ఉండడు. "ఐ హ్యావ్ కంట్రోల్", "యూ హ్యావ్ కంట్రోల్", ఈ రెండు మాటలు పైకి వినపడకుండా కంట్రోల్స్ మారకూడదు.

2009 జనవరి 15న హడ్సన్ నదిలో దిగిన విమానం తెలుసు కదా. టేకాఫ్ నడిపింది ఫస్ట్ ఆఫీసర్ జెఫ్రీ స్కైల్స్. పక్షులు కొట్టాక కెప్టెన్ సలెన్‌బర్గర్ "మై ఎయిర్‌క్రాఫ్ట్" అని తీసుకున్నాడు, చెక్‌లిస్ట్‌లో ఆ వరస రాకముందే ఏపీయూ ఆన్ చేశాడు, స్కైల్స్ ఇంజిన్లు తిరిగి స్టార్ట్ చేసే పనిలో పడ్డాడు. ఉన్నది మూడున్నర నిమిషాలే. పని పంచుకోవడానికి చర్చ అక్కర్లేకపోయింది. 155 మందీ బతికారు, మునుగుతున్న క్యాబిన్‌ని రెండుసార్లు చూసి వచ్చాకే కెప్టెన్ బయటికొచ్చాడు.

క్యాబిన్‌లో గాలి పీడనం పోతే ముందు మీ మాస్క్. 35,000 అడుగుల దగ్గర బుర్ర పనిచేసేది అర నిమిషం నుంచి ఒక నిమిషం, ప్రయాణికుల గురించి ఆలోచించడానికైనా మీకు ఆక్సిజన్ కావాలి. తర్వాత 10,000 అడుగులకి దిగడం, కింద కొండలుంటే సురక్షితమైన ఎత్తు దాకా. ట్రాన్స్‌పాండర్‌లో ఎమర్జెన్సీ కోడ్ 7700, రేడియోలో మేడే.

క్యాబిన్ ఇన్‌ఛార్జిని పిలిచి నాలుగే చెప్పండి: ఏమైంది, ఏం చేయబోతున్నాం, ఎంత టైమ్ ఉంది, ప్రత్యేకంగా ఏం చేయాలి. విన్నది తిరిగి చెప్పించుకోండి.

11. క్యాబిన్‌లో గొడవ

బయటి తలుపులు మూసినప్పట్నుంచి దిగడానికి తలుపు తెరిచేదాకా లోపల క్రమశిక్షణ కాపాడే అధికారం కెప్టెన్‌కి 1963 టోక్యో ఒప్పందం ఇచ్చింది. కట్టేయించొచ్చు, దించేయొచ్చు, పోలీసులకి అప్పగించొచ్చు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల్లో మూడు స్థాయిలున్నాయి: నోటి దురుసుకి మూడు నెలల దాకా ప్రయాణ నిషేధం, చెయ్యి చేసుకుంటే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదికి తెస్తే కనీసం రెండేళ్లు. ఇదంతా మీరు రాసిచ్చే ఫిర్యాదుతోనే మొదలవుతుంది, కాబట్టి టైమ్, సీట్ నంబర్, సాక్షుల పేర్లు వెంటనే రాయించండి. కానీ గొడవ తీర్చడానికి మీరు మాత్రం కాక్‌పిట్ తలుపు తెరిచి బయటికి వెళ్లకండి. తలుపులు మూయకముందే ఒకడు తూలుతూ కనబడితే నేలమీదే వదిలేయడం అన్నిటికంటే చవక.

12. దిగాక

పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజిన్లు కాస్త చల్లబడనిచ్చి ఆపాక పని అయిపోలేదు. టెక్ లాగ్‌లో కనిపించింది కనిపించినట్టు రాయండి. "తర్వాతి క్యాప్టెన్ చూసుకుంటాడులే" అని నోటిమాటగా ఇంజినీర్‌కి చెప్పి వెళ్లిపోవడం నేను చూశాను, చెవిన పడ్డది సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. గట్టిగా దిగితే గట్టిగా దిగామనే రాయాలి, డేటా ఎలాగూ చెబుతుంది. సీరియస్ సంఘటన అయితే వాయిస్ రికార్డర్ మీద కొత్తది ఎక్కిపోకుండా కాపాడటం కూడా మీ పనే, చాలావాటిలో రెండు గంటలే నిలుస్తుంది.

ఆఖర్న, బ్యాగులు సర్దుకునేలోపు, ఫస్ట్ ఆఫీసర్‌ని అడగండి: "ఇవాళ నేనేం బాగా చేయలేదు?" మొదటిసారి "అంతా బాగుంది సార్" అంటారు. మళ్లీ అడగండి. మొన్న అలాగే రెండోసారి అడిగితే కుర్రాడు కాసేపు టోపీ అటూ ఇటూ తిప్పి, "టాక్సీవేలో మలుపు దగ్గర 10 నాట్లు ఉండాల్సింది సార్, 14 ఉంది" అన్నాడు. నిజమే, తొందరపడ్డాను. తిరుగు సెక్టార్‌లో వాడి చేతికిచ్చి, మలుపు దగ్గర నేను స్పీడ్ చూశాను. తొమ్మిది.